నరాల పరీక్షలు పూర్తయ్యేలోగా ఈ భయాన్ని ఏం చేసుకోవాలండి?

అంబాజీపేట టైలరమ్మ:

నమస్కారమండి. నాకు 39 ఏళ్లు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ముందు గదిలో మిషన్ వేసుకుని బ్లౌజులు కుడతాను, ఫాల్, పీకో చేస్తాను. పదిహేనేళ్లుగా ఇదే పని.

దసరా ముందు రెండు పాదాలకీ తిమ్మిర్లు మొదలయ్యాయి. పొద్దస్తమానం కూర్చుని కుడతాను కదా, అందుకేలే అనుకున్నాను. తర్వాత చేతివేళ్ల కొసలు కూడా మొద్దుబారినట్టు అనిపించసాగింది. గుడ్డ పట్టుకుంటే పట్టేదో జార్జెట్టేదో తెలుస్తుంది కానీ, మధ్యలో పల్చటి కాగితం అడ్డం పెట్టినట్టు ఉంటుంది. రాత్రి పడుకున్నాక పిక్కలో కండ టకటకా అదురుతుంది. ఎడమకన్ను అదిరితే ఆడవాళ్లకి మంచిదంటారు మా అత్తగారు. పిక్క అదిరితే ఏమిటో ఆవిడకీ తెలీదు.

అమలాపురంలో షుగరు, థైరాయిడ్, రక్తం అన్నీ చూసి బాగున్నాయన్నారు. సంతోషించాలి కదా! నాకు మాత్రం భయం రెట్టింపయింది. అన్నీ బాగుంటే ఈ తిమ్మిరి ఎక్కణ్ణించి వస్తున్నట్టు? రాజమండ్రిలో నరాల డాక్టరు గారికి చూపించాం. సుత్తితో మోకాళ్ల మీద కొట్టారు, మోగే కడ్డీ ఒకటి చీలమండ మీద ఆనించి అదురు తెలుస్తోందా అని అడిగారు. బీ12 విటమిన్‌కి రక్త పరీక్ష, నరాల పరీక్ష, మెడకి ఎంఆర్ఐ రాశారు. అన్నీ ఒకరోజున కుదరలేదు, పదిహేను రోజులు పడుతుంది.

నా గొడవంతా ఈ పదిహేను రోజుల గురించే. డాక్టరు గారు సూదితో పాదం మీద గుచ్చి చూసినప్పటి నుంచి అదే పని నేనూ మొదలెట్టాను. చేతిలో సూది ఎప్పుడూ ఉండేదే కదా. కుట్టు ఆపి వేలికొస మీద గుచ్చుకుంటాను, నొప్పి తెలిస్తే హమ్మయ్య అనుకుంటాను. పది నిమిషాలకి మళ్లీ అనుమానం. వంటింట్లో మడమల మీద నడిచి చూసుకుంటాను. రాత్రి ఫోన్‌లో ఒక్కో లక్షణం కొట్టి వెతుకుతాను. తిమ్మిరితో మొదలై ఎక్కడ తేలతానో మీకు తెలుసు.

మొన్న ఇలాగే గుచ్చుకుని, చూసుకోకుండా పెళ్లికూతురి పట్టు బ్లౌజు పట్టుకున్నాను. మీగడ రంగు పట్టు. చేతి అంచు మీద ఆవగింజంత నెత్తురు మరక! మా గురువుగారు నేర్పిన చిట్కా ఉంది, తెల్ల దారం నోట్లో తడిపి ఆ తడితో అద్దాలి. అద్దాను, పోయింది. కానీ ఆ అరగంట నా ప్రాణం పోయినంత పనైంది. ఆ రోజు తెలిసింది, నేను మామూలుగా లేనని.

ఇలాంటి పరీక్షల మధ్య రోజులు మీరెలా గడిపారో చెప్పండి. ధైర్యంగా ఉండు అనొద్దు. అది మా ఆయన రోజూ చెబుతున్నారు.

రాజమండ్రి ల్యాబ్ తమ్ముడు:

అక్కా, నేను డాక్టర్ని కాదు, రక్తం తీసేవాణ్ణి. ఒకటి అడుగుతాను. మీరు గ్యాస్ బిళ్ళ రోజూ వేసుకుంటారా? ఏళ్ల తరబడి వాడితే కొందరికి బీ12 తగ్గుతుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ అంతే. వేసుకుంటుంటే డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి. అది మందు కిందే లెక్కరాదని చాలామంది చెప్పరు. బీ12 ఇంజెక్షన్లు, బలం మాత్రలు రక్తం ఇవ్వకముందే మొదలెడితే రిపోర్టు తప్పుదారి పట్టొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

నరాల పరీక్ష రోజు కాళ్లకీ చేతులకీ నూనె, క్రీము రాయకండి. చిన్న చిన్న షాకులు ఇస్తారు, చురుక్కుమంటాయి, అంతే. ఏసీ గదిలో చేతులు చల్లబడితే నరం నెమ్మదిగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. చల్లగా ఉన్నాయని ముందే చెబితే వెచ్చబెట్టి చేస్తారు.

ఎంఆర్ఐకి మాత్రం మీలాంటి వాళ్లంటేనే నాకు భయం! పమిటలో పిన్నీసు, జాకెట్‌కి గుచ్చి మర్చిపోయిన సూది... గుమ్మం దగ్గరే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సూత్రాలు కూడా తీయమంటారు, పసుపుతాడు కట్టుకుని వెళ్లండి. లోపల చప్పుడు గట్టిగా ఉంటుంది. చేతిలో రబ్బరు బంతి పెడతారు, భయం వేస్తే నొక్కండి, ఆపుతారు. కళ్లమీద గుడ్డ వేయమని అడిగి, లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకోండి.

రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కొంచెం ఉబ్బిందని ఉంటే కంగారు పడకండి. ఏ నొప్పీ లేని వాళ్లలోనూ చాలామందికి అది వస్తుంది.

గోదారి కుర్రోడు:

ఇదంతా ఎక్కువ ఆలోచించడం వల్లే అండి. ఫోన్ పక్కన పడేస్తే సగం రోగం పోతుంది.

భీమవరం నుంచి, రొయ్యల చెరువుల లెక్కలు రాసే మనిషి:

కుర్రోడు గారూ, ఆ సగం పోయాక మిగతా సగం ఎవరు చూస్తారండి? తిమ్మిర్లు ఆవిడ ఆలోచించి తెచ్చుకున్నవి కావు.

అక్కా, నా సంగతి చెబుతాను. రెండేళ్ల క్రితం గుండెదడకి పరీక్షలు చేయించుకున్నాను. ఈసీజీ, ఎకో, ఒకరోజంతా ఛాతీకి మిషన్ కట్టించుకుని తిరగడం, అన్నీ అయ్యాయి. ఆ రోజుల్లో నాకూ పెదాల చుట్టూ, వేళ్లలో జివజివలాడేది. తర్వాత తెలిసింది, భయంలో తెలీకుండానే వేగంగా ఊపిరి తీస్తున్నానట. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీ అసలు తిమ్మిరి వేరే కావచ్చు, దానిపైన ఇదొకటి వచ్చి చేరుతుందేమో చూసుకోండి. నాకు పనిచేసింది ఒకటే: ఊపిరి తీసుకున్న దానికంటే వదలడం నిదానంగా, నాలుగు అంకెల్లో తీసి ఆరు అంకెల్లో వదలడం.

రాత్రి మరీ తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పిచ్చివాళ్లకేమో అని నేను ముందు మొహమాటపడ్డాను. కాదు.

ఒకటి మాత్రం. ఒక పక్క చెయ్యీ కాలూ ఉన్నట్టుండి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒంటేలు బిగిసిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవి లేనంతవరకూ పదిహేను రోజులు ఆగమన్నారంటే ఆగొచ్చనే డాక్టరు గారు అన్నట్టు.

పాలకొల్లు లెక్కల మాష్టారు (రిటైర్డ్):

అమ్మాయ్, ల్యాబ్ అబ్బాయి చెప్పనిది ఒకటి చెబుతాను. రక్తం రిపోర్టులో నార్మల్ అని వేసే హద్దులు ఎలా గీస్తారంటే, సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది వచ్చేలా గీస్తారు. మిగతా అయిదుగురు ఏ జబ్బూ లేకుండానే గీత దాటతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏమీ లేని మనిషికి కూడా కనీసం ఒకదాంట్లో గీత దాటే అవకాశం నూటికి 64. పదో తరగతి లెక్కే. మా ఆవిడకి జ్వరం తగ్గక నెల రోజులు పరీక్షలు చేస్తుంటే, ఎర్రగా పడిన ప్రతి అంకెకీ నేను ఏడ్చాను. లెక్కల మాష్టార్ని అయ్యుండీ! ఈ లెక్క గుర్తొచ్చింది ఆవిడ ఇంటికొచ్చాక.

అప్పట్లో నేను చేసింది చెబుతాను, నవ్వకు. సాయంత్రం కాలువ గట్టు మీద లాకుల దాకా నడిచేవాణ్ణి. వెళ్లేటప్పుడు ఏ భయం వస్తే ఆ భయం, అడ్డు పెట్టేవాణ్ణి కాదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం డాక్టర్ని అడగాల్సినవి ఒకటో రెండో అనుకుని, ఇంటికి రాగానే పాత డైరీలో రాసేవాణ్ణి. పగలు భయం వస్తే సాయంత్రం లాకుల దగ్గర కలుద్దాం అనేవాణ్ణి. అన్నిసార్లూ వినేది కాదు. సగంసార్లు వినేది.

ఆ సూదిని ఒంటి మీదికి రానివ్వకు. గుచ్చి చూడటం డాక్టరు పని.

అంబాజీపేట టైలరమ్మ:

అందరికీ దండాలండి. ఆలస్యమైంది, మాఘం పెళ్లిళ్లు.

తమ్ముడూ, గ్యాస్ బిళ్ళ రెండేళ్లుగా రోజూ పరగడుపున వేసుకుంటున్నాను. నువ్వు అడిగేదాకా నాకూ గుర్తు లేదు. బీ12 రిపోర్టు వచ్చింది, 148. ఆ ల్యాబ్ వాళ్ల గీత 200 నుంచి. ఇంజెక్షన్లు మొదలెట్టారు. నరాల పరీక్షలో కొంచెం మందగించిందన్నారు. చాలావరకు ఇదే కావచ్చు, ఎంఆర్ఐ మాత్రం మానొద్దు అన్నారు.

నిజం చెప్పాలంటే, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. తెల్లారి కాఫీ కలుపుతుంటే మళ్లీ మొదలు: చాలావరకు అన్నారు, మొత్తం అనలేదు కదా? దొరికాక కూడా పోలేదండి ఈ వెతుకులాట. అప్పుడు మాష్టారి మాట పట్టుకున్నాను. మాకు లాకులు దూరం, పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య తిరుగుతున్నాను. మా అత్తగారు మట్టలు ఏరుతూ ఏమిటా ప్రదక్షిణలు అంటారు. సూది మీద ఒట్టు పెట్టుకున్నాను. మర్చిపోయి వేలి మీదికి పోనిస్తే మా అమ్మాయి 'అమ్మా' అంటుంది, అంతే, గుడ్డలోకి పోనిస్తాను. నిన్న ఒక్కసారే అంది.

కుర్రోడు గారూ, మీ మీద కోపం లేదు. ఫోన్ రాత్రి తొమ్మిదింటికి మా ఆయన చొక్కా జేబులో పెట్టేస్తున్నాను.

ఆ పట్టు బ్లౌజు తీసుకెళ్లారు. చేతి అంచు రెండుసార్లు తిప్పి చూసింది పెళ్లికూతురు, నా గుండె ఆగింది. పైపింగ్ బాగుందంది.

గురువారం ఎంఆర్ఐ. పసుపుతాడు తెచ్చుకున్నాను. రావులపాలెం మీదుగా తొలి బస్సుకి బయల్దేరాలి, ఈలోగా ఆరు బ్లౌజులకి హుక్కులు, కాజాలు మిగిలి ఉన్నాయి.