పార్కులో పుట్టగొడుగుల్ని ఎలా గమనించాలి?

ప్రశ్న
రోజూ పొద్దున్నే మా పాపను పార్కుకు తీసుకెళ్తాను. వానలు తగ్గి ఆకులు రాలడం మొదలయ్యాక ఎటు చూసినా పుట్టగొడుగులే. గడ్డిలో తెల్లగా గుండ్రటివి, ఎండిన మొద్దు మీద బూడిదరంగులో విసనకర్రల్లాంటి చిన్నవి. ఫోన్‌తో పైనుంచి ఫొటోలు తీస్తున్నా గానీ, ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకేలా ఉంటున్నాయి. నిన్న కనిపించినవి ఇవాళ ఉండవు. "అది ఎందుకు నల్లబడింది?" అని పాప అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు. ముట్టుకోనివ్వాలంటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్తారా?

జవాబు
ముందు ఆ టెన్షన్ వదిలేయండి. చేత్తో ముట్టుకున్నంత మాత్రాన సాధారణంగా విషం ఎక్కదు. నోట్లో పెట్టుకోకుండా చూసి, తర్వాత చేతులు కడిగిస్తే చాలు.

పైనుంచి తీసిన ఫొటోతో పేరు చెప్పడం కష్టమండి. అసలు సంగతంతా గొడుగు అడుగున ఉంటుంది. కొన్నిటికి పల్చటి మొప్పలు, కొన్నిటికి సన్నటి రంధ్రాలు. పీకక్కర్లేదు, చిన్న అద్దం కింద పెడితే కనిపిస్తాయి. కాడ చుట్టూ పొర ఉందా, కాడ మొదట్లో సంచి ఉందా, మట్టిలో మొలిచిందా, చెక్క మీదా, ఇవి కూడా రాసుకోండి.

మీ మొద్దు మీదవి స్కిజోఫిల్లం కమ్యూన్ కావచ్చు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంటుందది. దాని మొప్పలు నిలువునా చీలి ఉంటాయి. గాలి పొడిగా ఉంటే చీలిన అంచులు ముడుచుకుని విత్తనాల్లాంటి సిద్ధబీజాలు పుట్టే భాగాన్ని కప్పేస్తాయి, తడి తగిలితే మళ్లీ విచ్చుకుంటాయి. ఎండ కాసిన రోజు ఒకసారి, వాన పడ్డాక ఒకసారి అదే మొద్దు దగ్గరికి పాపను తీసుకెళ్లండి. ఈ కాలంలో నాకు అంతకన్నా ఇష్టమైనది ఇంకోటి లేదు.

నల్లబడేవి ఇంకుగొడుగులు అయ్యుండాలి. అవి కుళ్లిపోవడం లేదు, అంచు నుంచి పైకి తమను తామే కరిగించుకుంటున్నాయి. కింది భాగం కరిగిపోతే పైనున్న సిద్ధబీజాలకు గాలి అందుతుంది. ఇక మాయమైనవాటి సంగతి: మనకు కనిపించేది పండులాంటి భాగమే. అసలు జీవి సన్నటి దారాలుగా మట్టిలోనో చెక్కలోనో అల్లుకుని బతికే ఉంటుంది.

జవాబు
పైవారు చెప్పినవన్నీ చూడటానికే, తినడానికి కాదు. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు విషం ఎంత ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు మొదలవడానికే 6 నుంచి 12 గంటలు పట్టొచ్చు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. గడ్డిలో తెల్లగా ముచ్చటగా పెరిగే క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ కూడా విషమే. విరిగిపడిన గొడుగు దొరికితే మొప్పలు కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద పెట్టి, రాత్రంతా గ్లాసు బోర్లించి ఉంచండి. సిద్ధబీజాలు రాలి అచ్చు పడుతుంది. క్లోరోఫిల్లానికైతే ఆకుపచ్చగా పడుతుంది. ఆ పని మీరే చేయండి, పాప చేత వద్దు.

జవాబు
పుట్టగొడుగుల దగ్గరే ఆగిపోకండి. రాలిన ఆకుల్ని మెల్లగా పక్కకు జరిపితే రోకలిబండలు, నత్తలు, తెల్లటి దారాలను మేసే చిట్టి జీవులైన స్ప్రింగ్‌టెయిల్స్ కనిపిస్తాయి. చూశాక ఆకుల్ని ఎలా ఉన్నవి అలా కప్పేయండి, వాటికి ఆ తడి లేకపోతే బతుకు లేదు. పొద్దున్నే వెళ్తారు కాబట్టి పొదల మీద మంచు పట్టిన సాలెగూళ్లు కూడా చూడండి. చాలా రకాల్లో ఆడ సాలీళ్లు ఈ రోజులకే పూర్తిగా ఎదుగుతాయి.

అడిగినవారు
అందరికీ థాంక్స్ అండి. రాత్రి వాన పడింది, ఇవాళ అద్దం పట్టుకెళ్లాం. మొద్దు మీదవాటికి చీలికలు స్పష్టంగా కనిపించాయి. పాప ఆ మొద్దు దగ్గర నుంచి కదిలితే ఒట్టు! గడ్డిలోని గుండ్రటివాటికి మాత్రం మొప్పలూ లేవు, రంధ్రాలూ లేవు. ముదిరినదాన్ని పుల్లతో తడితే పైన చిల్లులోంచి గోధుమరంగు పొడి లేచింది. అదేంటి?

జవాబు
పఫ్‌బాల్ అండి. సిద్ధబీజాలు లోపలే తయారవుతాయి, వాన చినుకు పడ్డప్పుడల్లా ఆ చిల్లులోంచి ఎగిరిపోతాయి. మళ్లీ వాన పడేటప్పుడు గొడుగేసుకుని పక్కనే కూర్చుని చూడండి. ఆ పొడిని మాత్రం పాపను పీల్చనివ్వకండి.