వరద నీళ్లలో ఆగిన కారుకు 7 వారాల తర్వాత రాడ్డు విరిగితే, కారణం నీరా, ఆయిలా?

ప్రశ్న (విజయవాడ):
2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో మా పెట్రోలు కారు సింగ్‌నగర్ దగ్గర నడుస్తూనే ఆగిపోయింది. మెకానిక్ ప్లగ్గులు విప్పి, సిలిండర్లలోని నీళ్లు బయటికి కొట్టించి, ఆయిల్ మార్చి స్టార్ట్ చేశాడు. 7 వారాలు బాగానే తిరిగిన ఇంజన్ ఏలూరు దారిలో మూడో సిలిండర్ కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను కింద తిరిగే ఇరుసుకు, అంటే క్రాంకు షాఫ్ట్‌కు, కలిపే కడ్డీ) విరిగి, ఇంజన్ బ్లాకుకు చిల్లు పడి ఆగింది. చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ లేదు కనుక నా అశ్రద్ధే కారణమని వర్క్‌షాప్ వారు రాసిచ్చారు. ఇది న్యాయమేనా?

మొదటి జవాబు:
వర్క్‌షాప్ మాటే నాకు సరిగా తోస్తోందండి. నీళ్ల వల్ల రాడ్డు వంగి ఉంటే ఆ రోజే చప్పుడు వచ్చేది. ఆయిల్ ప్రెషర్ తగ్గినప్పుడు కూడా అన్ని బేరింగులూ ఒకేసారి పోవు; ఏదో ఒకటి ముందు పట్టేసి, దాని రాడ్డే విరుగుతుంది.

రెండో జవాబు:
క్షమించాలి, నేను దీనితో ఏకీభవించలేను. బ్లాకుకు చిల్లు పడ్డాక ఆయిల్ రోడ్డు పాలు కాక చాంబర్‌లో ఎలా మిగులుతుంది? ఖాళీ చాంబర్ ప్రమాదం తర్వాతి స్థితిని చెబుతుందే గాని ముందరి స్థితిని చెప్పదు. నీరు గాలిలా కుదించుకుపోదు కనుక పైకి వస్తున్న పిస్టన్ దానికి తగిలి ఆగినప్పుడు రాడ్డు కొద్దిగా వంగుతుంది. ఆ వంపు చిన్నదైతే ఇంజన్ మామూలుగానే తిరుగుతూ, ప్రతి చుట్టులోనూ ఆ వంపు దగ్గరే లోహం అలసిపోయి, వారాల తర్వాత విరగవచ్చు. ఆయిల్ అందకపోవడమే కారణమైతే మిగతా రాడ్డు బేరింగుల మీద, క్రాంకు షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగుల మీద, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఆనే చోట్ల కూడా గీతలో, వేడికి నీలమెక్కిన మచ్చలో చాలావరకు కనిపిస్తాయి. అవన్నీ శుభ్రంగా ఉన్నాయా అన్నది ముందు చూడండి.

అంతకన్నా గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. నీరు ఒక్క సిలిండర్‌లోకే వెళ్లిందని అనుకోనక్కరలేదు. విరిగిన ముక్కలు తీసేసి, క్రాంకు షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే మొదటి, నాలుగో పిస్టన్లు ఒకేసారి, ఒకే ఎత్తుకు రావాలి. ఏదైనా కిందే ఆగితే దాని రాడ్డు కూడా వంగిందన్న మాట. ఆ సిలిండర్ గోడ మీద, పిస్టన్ మునుపు పైన ఆగిన చోటి పాత మసి గీతకు దిగువన కొత్త మసి పట్టీ కనిపిస్తే అనుమానానికి తావుండదు. దయచేసి ఇవన్నీ బీమా సర్వేయర్ ఎదుటే విప్పించండి, ఫోటోలు తీయించండి. ఒకసారి తుడిచేసిన మసి మళ్లీ దొరకదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
ఈ రోజు కొలిపించానండి. నాలుగో పిస్టన్ మొదటిదానికంటే 0.7 మిల్లీమీటర్లు కిందే ఆగుతోంది. మిగిలిన బేరింగుల మీద గీతలు లేవు.

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:
అయితే ఆయిల్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నీళ్లు తీసిన రోజే కంప్రెషన్ (సిలిండర్లలోని పీడనం) కొలవకుండా, పిస్టన్ల ఎత్తూ చూడకుండా కారును రోడ్డెక్కించిన మెకానిక్ బాధ్యత మాటేమిటి? దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు.