కాటన్ దొర బొమ్మ కింద తమ్మన్నదొర పేరు ఉండాలా, అక్కర్లేదా?

కౌశిక గట్టు:
మాది కోనసీమలో ఒక ఊరు. పేరు చెప్పను, చెబితే మా వాళ్ళంతా ఇక్కడికొచ్చి పడతారు. కాలవ వంతెన దగ్గర, గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర బొమ్మ గుర్రం మీద ఉంది. గుర్రం ముందుకాలికి సిమెంటు ఊడిపోయి ఇనపచువ్వ బయటపడింది. మే 15న ఆయన జయంతి లోపు బాగు చేయిద్దామని రామాలయం అరుగు మీద కూర్చున్నాం. కాకినాడలో చదువుకుంటున్న మా అన్నయ్య కూతురు కూడా వచ్చింది. "బాబాయ్, కింద కొత్త రాతిపలక పెడుతున్నారు కదా, అందులో సగం ఖాళీయే. 1879లో మన్యంలో లేచిన రంప తిరుగుబాటులో చనిపోయిన తమ్మన్నదొర లాంటివాళ్ళ పేర్లు కూడా చెక్కిద్దాం" అంది.

ఇంక చూడండి. "అన్నం పెట్టినాయన దగ్గర ఈ గోలేంటమ్మా" అని ఒకాయన. "రంపకీ మనకీ ఏం సంబంధం" అని ఇంకొకాయన.

మొదటాయన కోపం నాకు అర్థమైంది. మా ఇంట్లో కూడా కాటన్ అంటే దేవుడే. పుష్కరాల్లో పురోహితుడు ఆయన్ని భగీరథుడని శ్లోకం చదివి మరీ తలుచుకుంటాడు. నాకు మింగుడు పడనిది రెండోమాట. రాజమండ్రి నుంచి రంపచోడవరం గట్టిగా గంటన్నర దారి. అక్కడ మన్సబ్దారు, అంటే రంపకి జమీందారులాంటివాడు, తనకింద ఊళ్ళ గుంపులకి పెద్దలైన ముఠాదార్లని పీల్చేవాడు. చాలదన్నట్టు చిగురుపన్ను అని కల్లు మీద పన్ను. జీలుగు కల్లు అక్కడివాళ్ళకి ఎండాకాలంలో సగం తిండి. తన చెట్టుకి తాను గీసుకునే కల్లుని కూడా సర్కారు వేలంపాట పెట్టింది. ఆ పాట పాడుకున్నది ఎవరు? పల్లం నుంచి వెళ్ళినవాళ్ళు, అంటే మనవైపువాళ్ళు. అప్పు రాయించుకుని కొండదిగి కోర్టులో దావా వేసి, అవతలివాడు రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకుని పశువులు తోలుకొచ్చిన వర్తకులూ మనవైపువాళ్ళే. సంబంధం లేదని ఎలా అంటాం?

మీరేమంటారు? తిట్టుకోకుండా చెప్పండి.

పాత ఓవర్సీరు:
ముప్పై ఏళ్ళు కాలవల మీద పనిచేసి రిటైరయ్యాను. తూములూ లాకులూ నాకు ఇంటివాళ్ళలాంటివి. కాబట్టి పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆనకట్ట ముందు ఈ జిల్లా ఎలా ఉండేదో తెలుసుకుని మాట్లాడండి. 1821లో జనం 7 లక్షల 38 వేలు. 1841కి 5 లక్షల 61 వేలు! మధ్యలో నందన కరువు, 1839లో కోరంగి మీద ఉప్పెన. గోదావరి నిండా నీళ్ళు సముద్రంలోకి పోతుంటే ఒడ్డున జనం తిండి లేక చచ్చారు, ఊళ్ళొదిలి పోయారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయలకీ అడ్డం కట్టేశారు. ఆనకట్ట పనిలో కాటన్ పక్కన నిలిచిన వీణం వీరన్న గారు మనవాడే, ఆయన్ని మాత్రం ఎవరూ తలుచుకోరు, అది వేరే బాధ.

ఇప్పుడు అసలు సంగతి. కాటన్ ఇంజనీరు. కల్లు పాట ఆబ్కారీవాళ్ళ పని. 1879లో రంప రగులుతున్నప్పుడు ఆయన ఇండియాలోనే లేడు, ఇంగ్లండులో కూర్చుని రైళ్ళకి తగలేసే డబ్బు కాలవలకి పెట్టండని తన సర్కారుతోనే పోట్లాడుతున్నాడు. రంప కల్లు పాట కాయితం మీద ఆయన సంతకం చూపించండి, నేనే సుత్తి తెస్తాను.

పూతరేకు:
గుర్రం కాలు అతికించడానికి చందాలు ఎత్తితే 1879 బయటికొచ్చింది. ఈ లెక్కన గుర్రం కుంటుతూనే ఉంటుంది ఆయ్.

రేవు కబుర్లు:
ఓవర్సీరు గారూ, సంతకం లేదు నిజమే. కానీ శాఖలు వేరు అన్నంత మాత్రాన ఖజానా వేరా అండీ? ఆనకట్టకి అనుమతి వచ్చింది జనం ఆకలి చూసి మాత్రమే కాదు. పెట్టిన ప్రతి రూపాయికీ శిస్తు రూపంలో ఎంత తిరిగొస్తుందో కాటన్ లెక్క కట్టి చూపించాడు కాబట్టి వచ్చింది. ఆ లెక్క నిజమైంది, మనం బాగుపడ్డాం, సర్కారూ బాగుపడింది. పల్లంలో రాబడి ఎలా పెంచాలో చూసిన ఆ రెవిన్యూ బోర్డే కొండమీద కల్లు నుంచీ, అడవి కొట్టి చేసుకునే పోడు సాగు నుంచీ రాబడి ఎలా లాగాలో కూడా చూసింది. ఇక్కడ నీళ్ళిచ్చి తీసుకుంది, అక్కడ ఏమీ ఇవ్వకుండా తీసుకుంది. తేడా అదే.

ఇంకోటి. కాటన్ ఆలోచన ధవళేశ్వరంతో ఆగలేదు. గోదావరి పొడుగునా పడవదారి చేసి మధ్యపరగణాల (అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్) పత్తిని మన రేవులకి దింపాలన్నాడు. దుమ్ముగూడెం దగ్గర కట్టిన పాత ఆనకట్ట ఆ పథకంలోదే. డబ్బు చాలక 1870ల మొదట్లో వదిలేశారు. ఆ పథకంలో కోయల ఊళ్ళకి ఏం రాసిపెట్టి ఉందని వెతికితే దొరకదు. పత్తి పోవాలి, టేకు రావాలి, అంతే. దాన్ని దుర్మార్గం అనను. చూపు అంతవరకే ఆనింది.

పాత ఓవర్సీరు:
చూపు ఆనకపోతే నేరమా? మీ చూపు మీ వీధి చివరిదాకా ఆనుతోందా?

రేవు కబుర్లు:
నేరం అనలేదండీ. పలకలో రెండు వరుసలు అడుగుతున్నాం, ఉరిశిక్ష కాదు.

శబరి ఒడ్డు:
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. మాది చింతూరు వైపు, కోయవాళ్ళం. నేను డిగ్రీ మీ డెల్టాలోనే చదివాను. హాస్టల్లో మూడేళ్ళు నా పేరు "కోయదొర". చెయ్యి చాపి జాతకం చెప్పమనేవాళ్ళు. నవ్వేసేదాన్ని. ఏం చేస్తాం.

రెండు మూడు సంగతులు సరిచేస్తాను. ఒకటి, రంప అనగానే కొండరెడ్లనీ కోయలనీ కొండదొరలనీ ఒక్క గంపలో వేసెయ్యకండి. రంపలో మొదలుపెట్టినవాళ్ళలో కొండరెడ్లు ఎక్కువ. మా రేకపల్లి వైపు పాకింది తరవాత, దాని కారణం కూడా వేరు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874 దాకా మధ్యపరగణాల్లో ఉండేవి. అక్కడ పోడుకి గొడ్డలికింత అని కొద్దిపాటి పన్ను. మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిపాక దాన్ని ఇంచుమించు మూడింతలు చేశారు. కొన్నిచోట్ల పోడే కొట్టొద్దన్నారు. ఏ జిల్లాలో కలిపారో ఆ జిల్లా పేరే మా కష్టానికి పేరైంది. మమ్మల్ని అటూ ఇటూ కలపడం కొత్త కాదు కదా, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడూ చూశాం.

రెండు, ఎవరైనా ఆ మాట వాడతారేమోనని ముందే అంటున్నాను. పాత పుస్తకాలన్నీ దాన్ని "రంప పితూరీ" అంటాయి. ఇప్పుడు మీ ఇళ్ళల్లో పితూరీ అంటే ఏంటి? చిన్నపిల్లలు అమ్మకి చెప్పే చాడీ. అణచడానికి మద్రాసు పదాతి దళాలు దిగాయి, గోదావరిలో స్టీమరు మీద సైన్యం వచ్చింది, ఏడాదికి పైగా నడిచింది. అది చాడీయా? పలక మీద ఆ మాట మాత్రం చెక్కించొద్దు.

మూడు, ఓవర్సీరు గారి మీద నాకు కోపం లేదు. నందన కరువు నిజం. ఆకలితో చచ్చినవాళ్ళు నిజం. ఆ పక్కనే మాది కూడా నిజం అంటున్నాం, అంతే. కానీ ఒకటి అడుగుతాను. పాపికొండల్లో వెదురూ కలపా కొట్టి తెప్పలు కట్టి దింపింది కొండరెడ్లు. రాజమండ్రి కలప అడితులు నిండింది ఆ తెప్పలతో. మీ ఊళ్ళో పాత మండువా ఇళ్ళ దూలాలు ఎక్కడివో ఎప్పుడైనా అడిగారా?

కౌశిక గట్టు:
మా ఇంటిదే మండువా. దూలాలు భద్రాచలం టేకు అని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. ఎవరు కొట్టారో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నిమ్మతోట:
అందరూ ఒకటే పాట పాడుతున్నారు. నేను ఇంకోటి అంటాను. మా తాత 1950ల్లో పాలకొల్లు వైపు నుంచి ఏజెన్సీకి వెళ్ళి బంజరు కొట్టుకున్నాడు. ఇప్పుడు ఏజెన్సీ భూమి గిరిజనులకి తప్ప అమ్మకూడదనే 1/70 చట్టం పేరు చెప్పి మా భూమి మేమే అమ్ముకోలేం. మేమేమైనా తెల్లవాళ్ళమా? దొంగలమా?

శబరి ఒడ్డు:
మీ తాతగారిని నేను దొంగ అనను. కానీ ఆ చట్టం నిన్న మొన్న పుట్టింది కాదు. ఏజెన్సీలో భూమి చేతులు మారడం మీద తెల్లవాళ్ళే 1917లో అడ్డు పెట్టారు. ఎందుకంటే అడ్డు లేకపోతే మళ్ళీ తిరగబడతారని వాళ్ళకి రంప నేర్పింది. మన సర్కారు 1959లో ఇంకో రెగ్యులేషన్ తెచ్చింది, దాన్నే 1970లో బిగించారు. మీకు ఇబ్బంది అయినచోట మాకు ఊపిరి.

నిర్వాహకుడు:
1/70 మీద వేరే థ్రెడ్ పెట్టుకోండి. ఇక్కడ బొమ్మ గురించే.

పాత ఓవర్సీరు:
శబరి గారి మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. ఒప్పుకున్నానని కాదు. పోలవరం సంగతి కూడా తెస్తారేమో అనుకున్నాను, తేలేదు. అందుకే నేనే అంటాను. మా కాలవ చివరి పొలాలకి దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళందవు. పోలవరం కావాలని నేనే సంతకాలు పెట్టించాను. దానికింద లక్షకు పైగా కుటుంబాలు లేవాల్సి వస్తుందని, అందులో కోయలూ కొండరెడ్లూ ఎంతమందో అప్పుడూ తెలుసు. తెలిసే పెట్టించాను. ఇప్పుడైనా పెట్టిస్తాను, అబద్ధం ఎందుకు. కానీ "మాకేం సంబంధం" అని మాత్రం అనలేను.

నా అభ్యంతరం ఇప్పుడు ఒకటే. మన్యం అంటే అల్లూరి సీతారామరాజు గారు ఉన్నారు కదా. ఆయన బొమ్మ పెడితే అందరూ ఒప్పుకుంటారు. ఎవరికీ తెలియని పేర్లు ఎందుకు?

శబరి ఒడ్డు:
ఎవరికీ తెలియవు కాబట్టే సార్. రాజు గారంటే మాకూ ప్రాణం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడురోజులు పడినప్పుడు ఆయన పక్కన ఉన్నది మావాళ్ళే. గంటందొర కాల్పుల్లో పోయాడు. ఆయన తమ్ముడు మల్లుదొర అండమాన్ వెళ్ళి తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి గెలిచాడు. పల్లంలో ఎంతమందికి తెలుసు? సెంటర్లో అల్లూరి బొమ్మ లేని ఊరు తక్కువ, గంటందొర బొమ్మ మీరు ఎక్కడ చూశారు? పల్లం నుంచి వచ్చిన నాయకుడు ఉంటేనే మా పోరాటం మీకు కనిపిస్తుంది. 1879లో అలాంటివాడు ఎవరూ లేరు, అందుకే అది పితూరీగా మిగిలిపోయింది.

పూతరేకు:
జోకు వేద్దామని వచ్చి ఆగిపోయాను.

పాత ఓవర్సీరు:
సరే. పేర్లు చెప్పండి, రాసుకుంటాను.

శబరి ఒడ్డు:
తమ్మన్నదొర. ద్వారబంధాల చంద్రయ్య. ఇద్దరూ 1880లో పోయారు. పులిగంట సాంబయ్య, అంబుల్ రెడ్డి కూడా నడిపించినవాళ్ళే. "గిరిజన వీరులు" అని రాసి ఊరుకోవద్దు. దేనిమీద లేచారో రాయండి. కల్లు మీద పన్ను, పోడు మీద పన్ను, అప్పుల డిక్రీలు. పల్లం వర్తకుల డిక్రీలు అని రాస్తే ఇంకా మంచిది, కానీ మీ ఊళ్ళో ఒప్పుకోరు.

పాత ఓవర్సీరు:
"పల్లం" అన్న మాట దగ్గర గొడవవుతుంది. అయినా పెట్టి చూద్దాం. నేనూ వస్తాను ఆదివారం మీటింగుకి, దూరమేమీ కాదు. పలక ఎంత వెడల్పు బాబూ?

కౌశిక గట్టు:
రెండడుగులండీ. ఇప్పుడే కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఖాళీ సగంలో దాతల పేర్లు వేస్తారట. ఐదువేలు దాటినవాళ్ళవి బంగారు రంగులో.