ఊరాళుంగల్ లాంటి కూలీల సంఘం మన దగ్గర ఎందుకు లేదు?

సైట్_రాజు:
మొన్న కేరళలో కాసరగోడ్ వైపు కొత్త హైవే మీద వెళ్లాను. తలపాడి నుంచి చెంగళ దాకా 39 కిలోమీటర్లు, ఆరు వరుసలు. కట్టింది ఊరాళుంగల్ కూలీల సహకార సంఘం. 1925లో వడకర దగ్గర సంఘ సంస్కర్త వాగ్భటానందుల శిష్యులు కులకట్టుబాట్లు కాదన్నారని భూస్వాములు పని ఇవ్వకపోతే, 14 మంది కూలీలు ఆరణాల పెట్టుబడితో మొదలుపెట్టారు. ఇప్పుడు వేలమంది పనిచేస్తున్నారు. కూలీలే ఓనర్లు. డైరెక్టర్లను ఎన్నుకునేది సభ్యులే, మనిషికి ఒక ఓటు. మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదు?

చిన్న_కాంట్రాక్టర్:
టెండర్ లేకుండా ఇస్తే నేనూ కడతాను రాజు గారూ. కేరళ ప్రభుత్వం వాళ్లకు చాలా పనులు నేరుగా ఇస్తుంది. నేను టెండర్ ధరావతు (ఈఎండీ) కట్టి, అంచనా కన్నా తక్కువకు లెస్ వేసి, పని పట్టుకుని, చేసిన పని కొలతలు ఎం-బుక్‌లో రాయించుకోవడానికి అసిస్టెంట్ ఇంజనీర్ చుట్టూ తిరుగుతాను.

సైట్_రాజు:
ఆ హైవే టెండర్‌లో గెలిచిందే. కొచ్చిలో పాలారివట్టం ఫ్లైఓవర్ చూడండి. 2016లో తెరిచారు, పగుళ్లొచ్చి 2019లో మూసేశారు. దాన్ని మళ్లీ కట్టిందీ ఊరాళుంగలే, ఢిల్లీ మెట్రో కట్టించిన ఇంజనీర్ శ్రీధరన్ గారి పర్యవేక్షణలో. 2021 మార్చిలో బళ్లు తిరిగాయి.

చిన్న_కాంట్రాక్టర్:
ఆ ఫ్లైఓవర్‌కి టెండర్ పిలిచారా లేదా? అది చెప్పండి చాలు.

గోదారి:
టెండర్ గొడవ తర్వాత. కూలి ఎంతిస్తారో ఎవరికైనా తెలుసా?

పాలమూరు_బిడ్డ:
మా ఊళ్లోనూ లేబర్ సొసైటీ ఉండేది. మా నాన్న సభ్యుడు. చెరువు కట్ట పని సొసైటీ పేరు మీద వచ్చింది, చేసింది మాత్రం ఒక కాంట్రాక్టర్. నాన్న చేత వేలిముద్రలు వేయించుకున్నారు. సభ్యత్వ పుస్తకం ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. మొదటి పేజీలో వాటా పది రూపాయలు అని నీలం సిరాతో రాశారు. మిగతా పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి.

చిన్న_కాంట్రాక్టర్:
అంటే కాంట్రాక్టర్లందరం దొంగలమా? పదిహేడేళ్లలో ఒక్క శనివారం బట్వాడా ఆపలేదు నేను. బిల్లు రాకపోతే మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చాను.

సైట్_రాజు:
మిమ్మల్ని దొంగ అని ఎవరన్నారు? మీరు మంచివారు కాబట్టి బట్వాడా అందింది. రేపు మీ అబ్బాయి వచ్చి ఆపితే అడిగే హక్కు ఆ కూలీకి ఉందా? సంఘంలో ఉంటుంది. నేను చెప్పేది అంతే.

చిన్న_కాంట్రాక్టర్:
మా అబ్బాయి ఊసెందుకు? పొద్దుటి నుంచి ఓనర్లు, ఓనర్లు అంటున్నావు. ఆ సైట్లలో కాంక్రీటు పోసేవాళ్లలో బెంగాల్ వాళ్లు, ఒడిశా వాళ్లు లేరా? వాళ్లకు ఓటుందా? జవాబు చెప్పు తమ్ముడూ.

గోదారి:
ఇన్నాళ్లకు అసలు ప్రశ్న అడిగారు.

సైట్_రాజు:
ఉన్నారు. చాలామంది సభ్యులు కారు. అది లోటే, కాదనను. అలాగని ఊరివాళ్లకున్న ఓటు కూడా తప్పంటారా?

పాలమూరు_బిడ్డ:
రాజన్నా, నా బాధ కూడా అదే. మావాళ్లు దేశమంతా తిరిగి డ్యాములకు మట్టి మోశారు. కట్ట లేచేసరికి మూట కట్టుకుని ఇంకో చోటికి పోయేవాళ్లు. ఏ ఊరి సొసైటీ వాళ్లను చేర్చుకుంటుంది? సొంత ఊళ్లో చేర్చుకున్న సొసైటీ ఏం చేసిందో చెప్పాను కదా. ఉన్న ఊరిని చూసి కాకుండా చేసిన పనిదినాలను చూసి సభ్యత్వం ఇచ్చే సంఘం కావాలి.

సైట్_రాజు:
పనిదినాల లెక్క మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో ఎలాగూ ఉంటుంది. అలా చేయొచ్చు.

చిన్న_కాంట్రాక్టర్:
మస్టర్ రాసేది ఎవరన్నది ముఖ్యం. దాంట్లో ఎన్ని దొంగ పేర్లు ఉంటాయో నాకు తెలుసు. పాలమూరు తమ్ముడూ, మీ నాన్న పుస్తకం మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. సహకార శాఖ ఆఫీసులో అడిగితే ఆ సొసైటీ ఏమైందో చెప్తారు. నంబరు పెట్టండి, నేనే కనుక్కుంటాను.

పాలమూరు_బిడ్డ:
అట్ట చిరిగింది. సగం అంకెలే కనిపిస్తున్నాయి. పొద్దున వెలుతురులో ఫొటో తీసి పెడతాను అన్నా.