దుబాయ్‌లో తక్కువ ఫీజు ఇంటర్నేషనల్ స్కూలా, ఇండియన్ స్కూలా, లేక పిల్లల్ని తిరుపతిలోనే ఉంచడమా?

భవానీనగర్_అమ్మ:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా ఆయనకి దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమైంది. మూడేళ్ల కాంట్రాక్టు, ఆ తర్వాత పొడిగించొచ్చు అంటున్నారు. పాప మూడో తరగతి పూర్తి చేసింది, బాబు యూకేజీ. పిల్లల చదువుకని కంపెనీ ఏడాదికి 25 వేల దిర్హంలు ఇస్తుంది.

రెండు స్కూళ్లు చూశాం. ఒకటి సీబీఎస్ఈ, పాపకి 9 వేలు, బాబుకి 8 వేలు. రెండోది బ్రిటిష్ సిలబస్ ఇంటర్నేషనల్ స్కూల్, "అందుబాటు ఫీజు" అని వాళ్లే వేసుకున్నారు. అక్కడ 19 వేలు, 17 వేలు. బస్సుకి ఎక్కడైనా ఒక్కొక్కరికి 4 వేలు. మొదటిదైతే కంపెనీ డబ్బుతో సరిగ్గా సరిపోతుంది. రెండోదైతే ఏటా ఇంకో 19 వేల దిర్హంలు మేం వేసుకోవాలి. దిర్హం 24 రూపాయలు అనుకున్నా నాలుగున్నర లక్షల పైమాటే.

మా ఆయన రెండోదే అంటున్నాడు. మామగారిది మూడో దారి: "పిల్లల్ని మా దగ్గర వదిలేసి మీరిద్దరూ పొయ్యి రండి." నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అక్కడ చదివించిన వాళ్లు చెప్పండి.

రేణిగుంట_రైలు:
ఇంటర్నేషనల్ అనే మాటకి పడిపోవద్దక్కా. మన రేణిగుంట ఎయిర్‌పోర్టు పేరులోనూ ఇంటర్నేషనల్ ఉంది, దుబాయ్ పోవాలంటే మీరు విమానం ఎక్కేది మాత్రం చెన్నైలోనే!

తోతాపురి:
మాది చిత్తూరు. ఆరేళ్లుగా దుబాయ్‌లో ఉన్నాం, మా అబ్బాయి తక్కువ ఫీజు బ్రిటిష్ స్కూల్లోనే చదువుతున్నాడు. బాగానే ఉన్నాడు కాబట్టి ఆ స్కూళ్లని మొత్తంగా తిట్టను.

ముందు కేహెచ్‌డీఏ వెబ్‌సైట్ చూడండమ్మా. అది అక్కడి ప్రభుత్వ సంస్థ, దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లన్నీ దాని కిందకే వస్తాయి. ఏ తరగతికి ఎంత ఫీజో అందులో ఉంటుంది, పెంచాలంటే వాళ్ల అనుమతి కావాలి. స్కూళ్లకి అవుట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా గ్రేడులు ఇస్తారు. గ్రేడు ఒక్కటే చూసి వదిలేయకండి, రిపోర్టు మొత్తం చదవండి. అది ఏ ఏడాదిదో కూడా చూసుకోండి, 2024-25లో చాలా స్కూళ్లకి పూర్తి తనిఖీలు జరగలేదు.

తక్కువ ఫీజు ఎక్కడ మిగులుతుందో చెప్తా వినండి. టీచర్ జీతంలో, క్లాసులో పిల్లల సంఖ్యలో. మా వాడి మొదటి ఏడాది క్లాస్ టీచర్ ముగ్గురు మారారు. మూడో ఆమె పేరు వాడికి నోరు తిరిగేలోపు పరీక్షలు వచ్చేశాయి. అందుకే స్కూలుకి ఫోన్ చేసినప్పుడు స్విమ్మింగ్ పూల్ గురించి కాదు, "పోయిన ఏడాది ఎంతమంది టీచర్లు మానేశారు? సెక్షన్‌కి ఎంతమంది?" అని అడగండి. నీళ్లు నమిలితే మీకే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి, బ్రిటిష్ స్కూళ్లు ఆగస్టు చివర. మీరు ఏ నెలలో వెళ్తారో దాన్ని బట్టి పిల్లలు కొన్ని నెలలు ఇంట్లో కూర్చోవచ్చు. నాలుగో తరగతిని వాళ్లు ఇయర్ 5 అంటారు, పాపకి ప్రమోషన్ ఇచ్చారనుకోకండి. ఏ సిలబస్ అయినా తొమ్మిది దాకా అరబిక్ తప్పదు.

అలిపిరి_మాస్టారు:
జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యాను. ఫీజు గురించి అందరూ మాట్లాడుతున్నారు, పిల్ల పదో తరగతి, ఇంటర్ ఎక్కడ రాస్తుందో ఎవరూ అడగలేదు.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన దగ్గర కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవి. మనది ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా, అంటే పాత లెక్కలో రాయలసీమ నాలుగు జిల్లాలు, నెల్లూరు. ఇంటర్ పూర్తయ్యేదాకా చివరి నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా ఇక్కడ చదివితే మీ పాప లోకల్. ఇంటర్ దాకా దుబాయ్‌లోనే చదివి వచ్చి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాస్తే మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. ఇది తెలియక ర్యాంకు కార్డు పట్టుకుని కౌన్సెలింగ్‌లో కన్నీళ్లు పెట్టుకున్న తల్లిదండ్రుల్ని చూశాను.

మీ లెక్క వేద్దాం. పాప ఇప్పుడు నాలుగులోకి. మూడేళ్లుంటే ఏడుకి తిరిగొస్తుంది. అయిదేళ్లుంటే తొమ్మిదికి. అయిదేళ్లు దాటకపోతే లోకల్ పోదు. ఆ అయిదేళ్లు ఏ సిలబస్ అయినా మునిగిపోయేది లేదు, గణితం మాత్రం ఇంట్లో మీరు చూసుకోండి. ఆ నాలుగున్నర లక్షలు దాచుకుంటే ఇంటర్‌కి పనికొస్తాయి.

కుప్పం_కుర్రోడు:
సార్, క్షమించండి. మూడో తరగతి పిల్ల గురించి అడిగితే ఎంసెట్ దాకా వెళ్లిపోయారు! మన తిరుపతి రోడ్లన్నీ ఆ ర్యాంకుల ఫ్లెక్సీలే, ఇక్కడ కూడానా?

పిల్లలు అక్కడే పన్నెండు దాకా చదివినా గోడకి తల కొట్టుకోనక్కర్లేదు. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి ఎన్‌ఐటీల్లో సీఐడబ్ల్యూజీ అని ప్రత్యేకంగా సీట్లున్నాయి, జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఇస్తారు. నలభై దేశాల పిల్లలతో కూర్చుని, తప్పయినా సరే ధైర్యంగా చెయ్యెత్తి ప్రశ్న అడగడం ఏ కోచింగ్‌లో నేర్పిస్తారు?

అలిపిరి_మాస్టారు:
చెయ్యెత్తడం సీబీఎస్ఈ స్కూల్లోనూ నేర్పుతారు నాయనా. దుబాయ్‌లో ఇండియన్ స్కూలంటే తడిక కట్టిన బడి అనుకుంటున్నావా?

పాకాల_జంక్షన్:
నేను అక్కడ తక్కువ ఫీజు బ్రిటిష్ స్కూల్లో పాపని అయిదేళ్లు చదివించి, ఏడో తరగతికి తిరిగొచ్చాను. ఇంగ్లీషు చక్కగా వచ్చింది, భయం లేదు. కాదనను.

మాకు తగిలింది తెలుగు. వచ్చిన వారం బస్టాండుకి తీసుకెళ్లాను. బస్సు ముందున్న బోర్డు చూసి "తి... రు..." అని ఆగింది. వెనకాల ఒక పెద్దావిడ, "తిరుచానూరు పాపా, ఎక్కు ఎక్కు" అంది. దాని ముఖం ఎర్రబడింది. స్టేట్ సిలబస్‌లో వెయ్యలేక సీబీఎస్ఈలో వేశాను. మా అమ్మ మాత్రం రోజూ సాయంత్రం పంచాంగం అట్ట మీద అక్షరాలు దిద్దించి ఆర్నెల్లలో లైన్లోకి తెచ్చింది. కాబట్టి ఏ స్కూలు ఎంచుకున్నా, తెలుగు పుస్తకం మీరే పెట్టెలో పెట్టుకోండి. ఇండియన్ స్కూల్లోనూ హిందీ ఉంటుంది గానీ, తెలుగు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి.

పుత్తూరు_పిల్ల:
మూడో దారి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా. నేను అలా పెరిగిన పిల్లనే. అమ్మానాన్న కువైట్‌లో, నేను పుత్తూరులో అవ్వ దగ్గర. వాళ్లకి శుక్రవారం సెలవు, ఆ రోజే ఫోన్. సాయంత్రం ఆరుకి పక్కింటి ల్యాండ్‌లైన్‌కి చేసేవాళ్లు. నేను అయిదున్నరకే వాళ్ల అరుగు మీద కూర్చునేదాన్ని, ఒక్కోసారి లైన్ కలిసేది కాదు.

అవ్వ నన్ను చాలా బాగా చూసుకుంది. అయినా అమ్మ తిరిగొచ్చినప్పుడు నాకు పదమూడేళ్లు, ఆమెతో ఏం మాట్లాడాలో తెలీలేదు. ఇప్పుడు వీడియో కాల్స్ ఉన్నాయి, నిజమే. అయినా నన్నడిగితే తొమ్మిది వేల స్కూలైనా సరే, మీతో తీసుకెళ్లండి.

రేణిగుంట_రైలు:
పై మెసేజ్ చదివాక నా జోకు మీద నాకే సిగ్గేసింది.

తోతాపురి:
ఒక సవరణ. మా వాడి స్కూలు ఫీజుతో నాకు ఇబ్బంది లేదంటే, మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తోంది కాబట్టే. ఒక్క జీతమైతే ఆ 19 వేలు చిన్న మొత్తం కాదు. ఇంటి అద్దె చెక్కులు పోయాక మీకే తెలుస్తుంది.

భవానీనగర్_అమ్మ:
అందరికీ చేతులెత్తి దండం. రెండు స్కూళ్లకీ ఫోన్ చేశాను. సెక్షన్‌కి ఎంతమంది అంటే ఇండియన్ స్కూలు వెంటనే 32 అంది. బ్రిటిష్ స్కూలు ముందు బ్రోషర్ పంపింది, రెండోసారి అడిగితే 28 అంది. టీచర్ల గురించి ఇద్దరూ మాట దాటేశారు!

మాస్టారి అయిదేళ్ల లెక్క మా ఆయనకి కాగితం మీద వేసి చూపించాను. ఏమీ అనలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రస్తుతానికి సీబీఎస్ఈ వైపే మొగ్గుతున్నాం. సోమవారం టీసీ కోసం పాప స్కూలుకి, అక్కడి నుంచి సంతకానికి డీఈఓ ఆఫీసుకి వెళ్తాం. పెద్దబాలశిక్ష కొన్నాం, బాబు అప్పుడే ఏనుగు బొమ్మకి రంగు వేసేశాడు.

మామగారికి ఇంకా చెప్పలేదు. ఆదివారం భోజనాల దగ్గర చెబుదామనుకుంటున్నాం. పుత్తూరు అమ్మాయ్, నీ మెసేజ్ ఆయనకి చదివి వినిపించొచ్చా?

పుత్తూరు_పిల్ల:
వినిపించండక్కా. అవ్వ బాగా చూసుకుందన్న ముక్క మాత్రం వదలొద్దు.