ఫ్లోరిడా వేట హక్కు: ‘సంప్రదాయ పద్ధతులు’ అంటే ఏవి?

అమెరికా పౌరసత్వం వచ్చాక 2024 నవంబరులో తొలిసారి ఓటు వేశాను. ఫ్లోరిడా బ్యాలెట్‌లో రెండో సవరణ, అంటే చేపలు పట్టడం, వేటాడటం రాజ్యాంగ హక్కు కావాలా అన్న ప్రశ్న, దగ్గర నా పెన్ను చాలాసేపు ఆగిపోయింది. చివరికి ‘వద్దు’ పక్కన గడి నింపాను. 60 శాతం ఓట్లు కావలసి ఉండగా సుమారు 67 శాతంతో అది గెలిచింది.

ఆ సవరణలోని ‘సంప్రదాయ పద్ధతులతో సహా’ అన్న మాటే నన్ను వదలడం లేదు. తెల్లవారుజామున జింకలు మా పెరటి కంచె దాకా వస్తాయి. మా పాప ఒక్కొక్కదానికీ పేరు పెట్టుకుంది. వన్యప్రాణి కమిషన్ అధికారాలకు ఇది అడ్డు కాదని సవరణలోనే రాశారు. అయినా ఉచ్చుల మీద ఉన్న ఆంక్షలను ఇక కోర్టులో కొట్టివేయించవచ్చా? 1777 నుంచీ ఈ హక్కున్న వెర్మాంట్ రాష్ట్రం అనుభవం ఏమిటి? చట్టం తెలిసినవారు దయచేసి చెప్పండి.