మినీ నూరువరహాల ఆకులు పసుపెక్కుతున్నాయి, బూడిద వేయొచ్చా?

పర్లాకిమిడి నుంచి:
ప్రహరీ పక్కన వరసగా మినీ నూరువరహాలు వేశాం, కడియం నర్సరీ మొక్కలే. వానల్లో గుత్తులు గుత్తులుగా పూసినవి కాస్తా ఇప్పుడు లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మా అత్తగారు పొయ్యి బూడిద చల్లమంటున్నారు. చల్లనా?

గుణుపురం నుంచి:
బూడిద వద్దండీ బాబూ! లేతాకు అలా ఉందంటే ఇనుము లోపమే. ఈ మొక్కకి కాస్త పుల్లటి (ఆమ్ల) నేల కావాలి, మీ గోడ సిమెంటులోని సున్నం వానకి దిగి మట్టిని క్షారంగా మారుస్తుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు లాగలేదు. బూడిదా, గుడ్డు పెంకులూ దాన్ని ఇంకా పెంచుతాయి. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగల ఇనుము మందు) తెచ్చి, ప్యాకెట్ మీద రాసిన మోతాదులోనే, సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి. మొక్క మొదలు దగ్గర మాగిన ఆకుల ఎరువు వేయండి.

రాయగడ నుంచి:
అన్న చెప్పింది కరెక్టే. కత్తెర సంగతి కూడా చూసుకోండి అక్కా. పువ్వు కొమ్మ చివరే వస్తుంది, మాటిమాటికీ డబ్బాలా కత్తిరిస్తే పొద ముద్దుగా ఉంటుంది, మొగ్గలన్నీ చెత్తబుట్టలో ఉంటాయి. గుత్తి వాడాక దాని కింద కణుపు దగ్గర కోయండి, అక్కడినుంచి కొత్త కొమ్మలు వస్తాయి. ఆకు కింద తెల్లగా పిండినల్లి కనబడితే నీళ్ళలో కాస్త వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి కొట్టండి.

పర్లాకిమిడి నుంచి:
థాంక్సండీ. గోడకి దూరంగా మార్చాలంటే ఇప్పుడే తవ్వొచ్చా?

గుణుపురం నుంచి:
చలి పోనీండి, కొత్త చిగురు మొదలయ్యాక వేరు మట్టితో సహా తీయండి. అత్తగారికి మాత్రం మీరే చెప్పుకోవాలి.